పది లెక్కపెట్టి లేచిన పెదనాన్న

ఫిల్మ్‌నగర్‌లో ఒక పెళ్లిని ఆపడానికి వెళ్లి, నిండు పందిట్లో నూటయాభై మంది చూస్తుండగా పూలబుట్టలో తలపెట్టి పడిపోయిన మహానుభావుణ్ణి నేనే. తప్పు ఎవరిదని అడక్కండి. మొత్తం నాదే. ఒకటి రెండు ఇడ్లీలకు కూడా కొంచెం వాటా ఉంది.

కొన్నేళ్ల కిందటి మాట. అప్పటికి పద్దెనిమిదేళ్లుగా జూనియర్ ఆర్టిస్టుని. నేను అక్షింతలు వేయని సినిమా పెళ్లి లేదు, కానీ ఒక్కదాంట్లోనూ నోరు విప్పింది లేదు. ఆ ఏడాదే యూసుఫ్‌గూడలో మా ఇంటి మెట్లెక్కుతుంటే ఆయాసం, సాయంత్రానికి కాళ్ల వాపులు మొదలయ్యాయి. మధురానగర్‌లో డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, గుండె పంపింగ్ తగ్గిందనీ బీపీ ఎక్కువుందనీ మాత్ర రాశారు.

"పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఏదైనా తిన్నాకే వేసుకోవాలి. కూర్చున్నచోటి నుంచి గబుక్కున లేవొద్దు. మీ అంతట మీరు పెంచొద్దు, మానొద్దు. అర్థమైందా అంజయ్యగారూ?"

తలూపాను. పద్దెనిమిదేళ్లుగా నా వృత్తే తలూపడం కదా!

రెండు నెలలు బుద్ధిగానే వేసుకున్నాను. అంతలో ఒక కో-డైరెక్టర్ ఫోన్ చేశాడు. "అంజయ్యగారూ, పెళ్లికూతురి పెదనాన్న వేషం. ఒక డైలాగుందండీ!"

అంతవరకూ నా వేషాన్ని బట్టి 'ఏయ్ పంచె' అని పిలిచిన మనిషి 'గారూ' అన్నాడు. డైలాగేమిటో వినండి: "నా కంఠంలో ప్రాణం ఉండగా ఈ పెళ్లి జరగదు!" కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచి అనాలి. వారం రోజులు ఇంట్లో ఆ పెళ్లి ఆపుతూనే ఉన్నాను. మా ఆవిడ సుజాతకి విని విని విసుగొచ్చింది.

షూటింగ్ రోజు పొద్దున్నే టిఫిన్ లైన్‌లోంచి నా స్నేహితుడు యాదగిరి కేకేశాడు.

"అంజన్నా, జల్ది రా, ఇడ్లీలు ఒడిసిపోతున్నయ్!"

"మీరు తినుండ్రి. నాది కుర్చీకాడికే వస్తది."

డైలాగున్న ఆర్టిస్టు ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడతాడా చెప్పండి? దర్జాగా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. ఇడ్లీ రాలేదు. చట్నీ కూడా రాలేదు. ఒక టీ వచ్చింది, అదీ పక్కవాడిదట. మేకప్‌కి పిలిచేసరికి గుండె దడదడలాడుతోంది. ఖాళీ కడుపునే మాత్ర మింగేశాను. అప్పుడు నా బుర్రకో మహత్తరమైన ఆలోచన తట్టింది. రోజూ ఉండే బీపీకి ఒకటి సరే, మరి ఇవాళ్టి డైలాగ్ బీపీకో? ఇంకోటి కూడా మింగాను.

రెండు గంటలు కుర్చీలో కూర్చున్నాక "యాక్షన్!" అన్నారు. స్ప్రింగులా లేచాను.

"నా కంఠంలో ప్రాణం ఉండగా ఈ పెళ్లి..."

పందిరి గిర్రున తిరిగింది. 'జరగదు' అన్నానో లేదో నాకిప్పటికీ తెలీదు. కళ్లు తెరిచేసరికి నోట్లో బంతిపూలు. పంతులు వేషం వేసినాయన డైరెక్టర్ని వినయంగా అడుగుతున్నాడు. "అయితే ఇంక తాళి కట్టించెయ్యొచ్చా అండీ?"

సెట్టంతా నవ్వు. కో-డైరెక్టర్ మాత్రం కంగారుగా నా మీదికి వంగాడు. "ఏమైనా మందులు వాడతారా అండీ?"

నిజం చెప్పడానికి భయమేసింది. గుండె జబ్బుందని తెలిస్తే ఇంకెవరు పిలుస్తారు? పద్దెనిమిదేళ్లకి దొరికిన ఒక్క మాట పోతుందేమోనని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా చెప్పేశాను. కారులో డాక్టరమ్మ దగ్గరికి పంపించారు. ఆమె నన్ను సాయంత్రం దాకా మంచం దిగనివ్వలేదు.

"డైలాగ్ బీపీ అని ఏ పుస్తకంలో ఉందండీ? తరవాతి మాత్ర ఎప్పుడన్నది నేను చెబుతాను, మీరు లెక్కలెయ్యకండి."

మా సుజాత వచ్చి దులిపేసింది. "ఏందయ్యా, ఇడ్లీ లైన్ల నిలవడితె ఇజ్జత్ పోతదా? పూలబుట్టల పడ్డంక మస్తు పెరిగిందా?"

"ఇంక నటించొచ్చా అమ్మా?" అని డాక్టరమ్మతో గొణిగాను.

"నాలుగు రోజులాగి నటించండి. కుర్చీలోంచి మాత్రం పది లెక్కపెట్టుకుంటూ లేవండి."

పెళ్లి సెట్ ఇంకా విప్పలేదు. అయిదో రోజు కడుపునిండా తినేసి డైరెక్టర్ ముందు నిలబడ్డాను. "సార్, ఉదుటున లేవలేను. మెల్లగా లేస్తాను. కుదరదంటే ఇంకొకరికి ఇచ్చెయ్యండి."

ఆయన నన్ను పెదనాన్న కుర్చీలో కూర్చోమన్నాడు. "ఏదీ, లేవండి చూద్దాం."

కుర్చీ చేతులు పట్టుకున్నాను. ఒకటి... రెండు... మూడు... సెట్లో ఎవరూ దగ్గలేదు కూడా. ఎనిమిది... తొమ్మిది... పది. నిటారుగా నిలబడి డైలాగ్ చెప్పాను. ఈసారి 'జరగదు' నాకు స్పష్టంగా వినిపించింది.

"ఓకే! ఇదేనయ్యా! కోపం అరికాలి నుంచి పైకెక్కినట్టుంది!" అని డైరెక్టర్ ఎగిరి గంతేశాడు.

సినిమా వచ్చింది. నేను లేస్తుంటే హాల్లో ఒకటే ఈలలు. పక్కన మా సుజాత వేళ్లు మడిచి లెక్కపెడుతోంది. అప్పట్నుంచి మెల్లగా లేచే జడ్జీలూ, జమీందారులూ అందరూ నేనే. మొన్న ఒక కొత్త నటి వచ్చి అడిగింది. "ఆ సీన్‌లో మనసులో ఏం తలుచుకుని లేచారు సార్?"

"అది లోపల్నుంచి రావాలమ్మా," అన్నాను గంభీరంగా.

లోపల్నుంచి వచ్చింది ఏడు, ఎనిమిది, తొమ్మిది అని ఎలా చెప్పను?

కనుక పాఠక మహాశయులారా, టిఫిన్ లైన్లో అందరికంటే ముందు నిలబడి, ఇడ్లీ ప్లేటు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. తినకుండా మాత్ర మింగను. డాక్టరమ్మ చెప్పినదానికి మించి ఒక్కటీ మింగను. ఇక రేపు నిజంగానే మా అమ్మాయి పెళ్లిలో ఎవడో వచ్చి "ఆపండి!" అన్నా సరే, వాణ్ణి పది అంకెలు ఆగమని చెప్పాకే కుర్చీలోంచి లేస్తాను.