పాలారు పారిన రోజు

తెల్లవారుజామున అయిదింటికి కుప్పం నుంచి ఆడబిడ్డ పార్వతి ఫోన్ చేసింది. "వదినా, కోలారు పక్క చెరువులన్నీ నిండి, పొర్లి మొరవ పోతాండాయంట. రాత్రే మన పాలారులోకి నీళ్ళొచ్చినాయి. తొందరగా రా, ఎన్నాళ్ళుంటాయో తెలీదు."

మా ఆయన పోయి ఏడు నెలలు. ఆయన పుట్టింది పాలారు పక్క పల్లెలో. అస్థికలు ఆ ఏట్లోనే, పారే నీళ్ళలోనే కలపమన్నాడు. పాలారు పారడం అరుదు. శ్రీరంగపట్నం వెళ్ళి కావేరిలో కలిపేసి రమ్మన్నారు బంధువులు. "ఇంకెన్నాళ్ళు పెట్టుకుంటావు?" అని దెప్పారు కూడా. నేను ఆగాను.

అస్థికల చెంబు సంచిలో పెట్టుకుని ఆరుంబావుకు మదనపల్లెలో బస్సెక్కాను. మంచు ఇంకా విడలేదు. ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ ఇచ్చాడు. "సంచి పైన పెట్టమ్మా, బరువు" అన్నాడు. ఒళ్ళోనే ఉండనీ అన్నాను. మా ఆయనకు టికెట్ అడగలేదు.

పుంగనూరులో పది నిమిషాలు ఆగింది. రెండు ఇడ్లీలు తిని టీ తాగాను. అక్కడ ఎక్కిన బట్టల వ్యాపారి మస్తాన్ సాహెబ్ పక్క వరసలో కూర్చున్నాడు. "ఈ వానలకు సంతలో నా దుకాణం పోయిందమ్మా. తిడదామంటే నోరు రాదు, ఇంటికాడ ఎండిన బోరులో నీళ్ళు పడినాయి" అని నవ్వాడు.

పుంగనూరు దాటాక నీళ్ళ దారి మారుతుంది. ఇవతల కురిసింది పెన్నకు, అవతల కురిసింది పాలారుకు. నైరుతి వాన నంది కొండల మీద పడితే, దారిలో ఉన్న చెరువులన్నీ తాగి మిగిల్చిందే మాకు. ఈశాన్య వాన తమిళ మైదానాల మీదుగా కొండెక్కి వచ్చేసరికి సగం అయిపోతుంది. రెండు వానలకూ మేం చివరి పంక్తి. ఈసారి రెండూ దండిగా వడ్డించాయి.

పదిన్నరకు కుప్పంలో దిగాను. పార్వతి ఆటో మాట్లాడి ఉంచింది. అరగంటలో ఏటి గట్టుకు చేరాం. పెళ్ళయినప్పటి నుంచి ఇసుకగానే చూసిన చోట గట్టు నుంచి గట్టుకు ఎర్ర నీళ్ళు. వాటి చప్పుడుకు పార్వతి మాట కూడా వినబడలేదు.

ఆడవాళ్ళు పసుపు, కుంకుమ, చీర, గాజులతో గంగమ్మకు పూజ చేస్తున్నారు. పలక డప్పులు మోగుతున్నాయి. శుభకార్యం జరిగే చోటికి అస్థికలతో ఎలా వెళ్ళను? తుమ్మచెట్టు కింద ఆగిపోయాను. సాయంత్రానికి నీళ్ళు తగ్గితే?

పూజ చేయిస్తున్న ముసలామె చూసి దగ్గరకొచ్చింది. పేరు మునెమ్మ.

"యాల ఆడనే నిలబడినావమ్మా? ఆ సంచిలో ఎవురు?"

"మా ఆయన."

ఆమె ఏటికేసి చెయ్యి చాపింది. "మా మొగుణ్ణి ఇసకలో చెలమ తవ్వి, ఆ గుంటలో కలిపినాము. చెంబెడు నీళ్ళు లేవు ఆ పొద్దు. నీ మొగుడు సూడు, ఏరునే పిలిపిచ్చుకున్న్యాడు! మేము పైన పూజ చేసుకుంటాము, నువ్వు కింద కలుపుకో. గంగమ్మకు మైలేంది?"

పలకలవాళ్ళు ఆపబోయారు. వాయించమని చెప్పింది నేనే.

మోకాలి లోతు దాకా దిగి చెంబు వంచాను. రెప్పవేసేలోగా నీళ్ళు ఆయన్ను తీసుకుపోయాయి. "పోయిరా అప్పా!" అని మునెమ్మ గట్టు మీద నుంచి కేకేసింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మూడింటి బస్సుకు తిరిగి బయలుదేరాను. పాలారును చూడాలనుకునేవాళ్ళు పైచెరువులు నిండిన కబురు అందిన రోజే రండి, మర్నాటికి వాయిదా వేయకండి. చీర అంచు పలమనేరు దాకా ఆరలేదు. ఈపాటికి ఆయన రాష్ట్రం దాటి ఉంటాడు. ముందు వాణియంబాడి, ఆ తర్వాత కంచి మైదానాలు, ఆపైన సముద్రం.