నరసక్క గెలిచిన నీడ

నరసక్క నోరు ఎంతటిదో తెలియాలంటే ఆ ఏప్రిల్ మధ్యాహ్నం పావగడ దగ్గర సోలార్ పార్కులో ఉండాల్సింది. మా భూములు కౌలుకు తీసుకుని కరెంటు తీసే అద్దాలు పరిచారు. ఆ అద్దాల కింద మొలిచే గడ్డి కోయడానికి మళ్లీ మమ్మల్నే కూలికి పిలిచారు. శెనక్కాయ పండించిన చేతులతో గడ్డి పీకడం ఏం బతుకో అడగకండి. అన్నం వేళకు పద్దెనిమిది మంది ఆడవాళ్లం అద్దాల నీడన కూర్చోబోతే సూపర్‌వైజర్ గోపాలప్ప ఈల వేసుకుంటూ వచ్చి, కంపెనీ వస్తువులు పాడవుతాయి, కంచె బయటికి పోయి తినండి అన్నాడు. కంచె బయట కాకి వాలడానికి కూడా చోటు లేదు. అందరం సంగటి గిన్నెలు పట్టుకుని లేచాం. నేనూ లేచాను. నరసక్క లేవలేదు.

"ఈడ చింతమాను ఉండె గోపాలప్పా. దాన్ని కొట్టేసి అద్దాలు నాటితిరి. ఆ మాను తెచ్చి ఉన్న తావునే నిలబెట్టు, మేము లేసిపోతాం. అంతదాకా ఈ నీడ మాది."

గోపాలప్ప ఎవరికో ఫోన్ చేసి కన్నడంలో చాలాసేపు మొర పెట్టుకున్నాడు. ఆమె తింటూనే ఉంది. చివరికి, తొందరగా కానియ్యండి అని ముఖం తిప్పుకుని పోయాడు. ఆ రోజు నుంచి నీడ మాదే.

మా కాలనీలో ఏసును నమ్ముకున్న నాలుగైదు ఇళ్లలో ఆమెది ఒకటి. పాస్టరు బాప్తిస్మంలో శాంతమ్మ అని పేరు పెట్టాడు గానీ, ఆ నోటికి ఆ పేరు అతకలేదు. ఆ ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది. నీడ కావాలని అడిగాను, దేవుడు ఇచ్చాడు అని. అందరూ స్తోత్రం అన్నారట.

మొగుడు పోయిన మనిషి. ఉన్నది ఒక్క కూతురు, మేఘ. పీయూసీ పరీక్షలు రాసి ఇంట్లో ఊరికే ఎందుకని జూన్‌లో తల్లితో పాటు గడ్డికి వచ్చింది. మొదటి వాన పడిన మర్నాడు, అన్నాల వేళ, ఆ నీడలోనే పిల్లను రక్తపింజరి పాము కరిచింది. నీడ కోసం వచ్చింది మేమొక్కరమే కాదు కదా. గేటు దగ్గర సంతకం పెట్టవలసిన మనిషి దొరికేదాకా కంపెనీ జీపు కదల్లేదు. పావగడలో సూది వేసి, పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. దారిలో మధుగిరి దాటకుండానే ప్రాణం పోయింది.

నలభయ్యో రోజు ప్రార్థన పెడతామని పాస్టరు వస్తే నరసక్క గడపలోనే నిలబెట్టింది.

"బిడ్డ చేప అడిగితే ఏ తండ్రయినా పామునిస్తాడా అని చెప్పింది నువ్వే కదప్పా. నేను చేప కూడా అడగలేదే. రవ్వంత నీడ అడిగితిని."

ఆయన లేని జవాబు అల్లకుండా, గడప బయటి నుంచే దండం పెట్టి వెళ్లిపోయాడు, ఆ మట్టుకు మంచివాడే. తర్వాత ఆమె అన్న కాటప్ప దిగాడు. ఇంటి దేవతను వదిలిన పాపం ఇది, అమ్మవారికి ఏటను బలి కొట్టి మళ్లీ మనలో కలువు అన్నాడు. చావును కూడా తన లెక్కకు తిప్పుకునే మనుషులు ఉంటారు. వాడినీ తరిమింది. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆ నీడ కోసం కొట్లాడకపోయి ఉంటే పిల్ల బతికేదేమో అని కొళాయి దగ్గర ఒక మాట జారాను. అది ఆమె చెవిన పడింది. సంవత్సరం పైన మా ఇంటి వైపు చూడలేదు. ఆదివారాల్లో చర్చి గంట మోగితే తలుపు వేసుకునేదట.

పోయిన కార్తీకంలో చేట కావాలనే వంకతో నేనే ఆమె ఇంటికి పోయాను. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. చేట కోసం మూలకు వంగితే అక్కడ కుండ నిండా బియ్యం, పైన పురుగులు. చర్చికి పోయేవాళ్లలో ఒక అలవాటు ఉంది. ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం దేవుడి పేరున పక్కకు తీసి, ఆదివారం చర్చికి తీసుకుపోతారు. చర్చి మానేసిన మనిషి ఇంట్లో ఈ కుండ ఎట్లా నిండింది అని అడిగాను.

"నేను ఏసింది కాదక్కా. చెయ్యి ఏసింది. పైనున్న ఆయప్పను తిట్టుకుంటా ఎసరు పెడతా, చూసే తలికి పిడికెడు ఆ కుండలో పడి ఉంటాది."

"పురుగు పట్టె కదే. కోళ్లకన్నా ఏసేది."

"ఏద్దామనే రెండు తూర్లు బయటికి తెస్తిని. చేతులు రాలే."

ఆమె నా చేతిలోంచి చేట లాక్కుని, కుండ వంచి బియ్యం చెరగడం మొదలుపెట్టింది. నేను జారిన మాట గురించి ఏదో చెప్పబోయాను. ఆమె చెయ్యి ఆపలేదు. నువ్వు ఒకసారే అన్నావు, నేను రోజూ అనుకుంటున్నాను అంది. కొంతసేపు పురుగులు ఏరింది. తర్వాత తల ఎత్తకుండానే మాట్లాడింది.

"నా బిడ్డను మళ్లీ చూపిస్తానని మాట ఇచ్చిండేది ఆయప్ప ఒక్కడే. కాటప్ప దేవత ఇయ్యలే, కంపెనీ ఇయ్యలే. ఆ మాట నిలబెడతాడో లేదో నాకు తెలీదు. అడగల్లంటే ఆయన కాడికే పోవల్ల కదా. ఈడ గోడతో ఎంతని కొట్లాడేది?"

కోపం తీరిందా అని అడిగాను. తీరలేదంది. తీరేదాకా ఉంటే ముసలిదాన్నయి చస్తానంది.

బియ్యం మూట కట్టి పక్కన పెట్టింది. ఆదివారం నాకు పని ఉందా అని అడిగింది. లేదన్నాను.

"నాతో చర్చి గేటు దాకా రాక్కా. నువ్వు లోపలికి రావద్దులే, నీ ఎంకటేశ్వరుడు కోప్పడతాడు. ఆడికి పోయినాక నేను వెనక్కి తిరిగితే మాత్రం, వీపు మీద ఒకటి ఏసి లోపలికి తొయ్యి."