చూశానని చెప్పిన రోజు

ఆ ఉదయం నా సర్వీసు జీపు జనంతో అరకు ఘాట్ ఎక్కుతుంటే పైమలుపు దగ్గర పటపటమని చప్పుళ్లు వినిపించాయి. టపాసులేమో అనుకున్నాం. ఇంతలో ఎదురుగా ఒక బండి దూసుకొచ్చింది. "నాయకుణ్ణి కాల్చేసినారు! ఎనక్కి తిప్పండి!" అని అరుచుకుంటూ ఆగకుండా పోయాడు దానిమీది మనిషి.

జీపు ఎలా తిప్పానో నాకే తెలియదు. హారన్ మీంచి చెయ్యి తియ్యకుండా, ఊరూరా తల బయటపెట్టి అరుస్తూ దిగాను. కొండ కింద సంతకి చేరాను. నాలో ఉన్నది భయం ఒక్కటే కాదు. ఎన్నికలప్పుడు మా పేటకొచ్చి నా భుజం మీద చెయ్యివేసి మాట్లాడిన ఆ నాయకుడు పోయాడు. ఆ బాధకన్నా, కబురు ముందు తెచ్చింది నేనేనన్న హుషారే ఎక్కువగా ఉంది. ఈ మాట రాయడానికి సిగ్గేస్తోంది.

జనం చుట్టుముట్టారు.

"డ్రైవరన్నా, నీ కళ్లతో సూసినావా?"

"సూడకేటి!"

"ఎంతమంది? ఎటెల్లినారు? బేగి సెప్పు!"

"ఊపిరి పీల్చుకోనీరేటి?" అన్నాను, ఇంకా అడుగుతారని.

నిజానికి చూసింది ఒక్కటే. మలుపు కింద ఇంటి ముందు ఇద్దరు కొత్తవాళ్లు నీళ్లు తాగుతున్నారు. ఆ ఇంటివాళ్లు దారినపోయే ఎవరికైనా నీళ్లిస్తారు. ఆ ఇద్దరి చేతుల్లో తుపాకులున్నాయని నేను కలిపాను. ఇంటాయనే వాళ్లకి దారి చూపించాడని కూడా.

సాయంత్రానికి ఊరు అట్టుడికిపోయింది. స్టేషన్ ముందు టైర్లు తగలబెట్టారు. మర్నాడు ఆ ఇంటాయన్ని పోలీసులు జీపులో పట్టుకుపోయారు.

అతని భార్య నా దగ్గరికే పరుగెత్తుకొచ్చింది. మాట పుట్టింది నా నోటనే అని ఆమెకి తెలీదు. "బావూ, నువ్వు ఆఫీసర్లతో మాటాడగలవు. మా ఆయన ఏటి సేసినాడు?"

జీపు రిపేరని రెండు రోజులు తప్పించుకున్నాను. మూడోరోజు ఆమె తిండి లేకుండా స్టేషన్ గేటు దగ్గర కూర్చునుంటే చూసి, ఇక ఆగలేక లోపలికెళ్లాను.

"తుపాకులు సూడలేదండి. దారి సూపించడమూ సూడలేదు. గొప్పకి సెప్పినాను."

"గొప్పకా! నీ గొప్ప కోసం మూడు రోజులుగా కొండలన్నీ తిరిగాం కదయ్యా!" అన్నాడు అధికారి. సాయంత్రం దాకా నన్ను నిలబెట్టి, అంతా రాయించుకుని, అతన్ని వదిలారు.

నేనే ఆ మాటలు పుట్టించానని స్టేషన్లోనే ఆ భార్యాభర్తలిద్దరికీ తెలిసిపోయింది. జీపు తలుపు తీసి పట్టుకున్నాను. "ఎక్కన్నా, ఇంటికాడ దింపేత్తాను."

"నడిసెల్తాం."

మొదటి గేరులో వాళ్ల వెనకే పోయాను. కొంతదూరం పోయాక అతను ఆగి, భార్య చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగాడు.

"ముందుకెల్లిపో బావూ. ఎనకాల జీపు సప్పుడొత్తే ఇది బెదిరిపోతంది."