రిజర్వు సీసా

మా ఆయన ఘాజియాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్లు స్టోర్ కీపరుగా చేశారు. రిటైరయ్యాక కూడా ఆ బుద్ధి పోలేదు. ఒక సబ్బు అరగకముందే రెండోది అలమరలో ఉండాలి. నిండు గ్యాసు బండ ఒకటి పక్కన ఉండాల్సిందే. "రిజర్వు ముట్టుకోకూడదే," అనేవారు. "మీ రిజర్వు తగలెయ్య! కందిపప్పుకి పురుగు పట్టింది," అనేదాన్ని నేను. మా కాపురమంతా ఇదే గొడవ.

ఆయనకి ఊపిరితిత్తిలో కేన్సర్ అన్నారు. రోజుకొక మాత్ర, బతికున్నన్నాళ్లూ. నెల మందు ఖరీదు రెండుసార్లు అడిగి రాయించుకున్నాను. ఆయన పెన్షను ఏ మూలకి? మొదటి మూడు నెలలూ నా గాజులూ గొలుసూ గట్టెక్కించాయి. తరువాత మందుల కంపెనీవాళ్లు ఒక స్కీములో ఉచితంగా ఇస్తామన్నారు. నెలనెలా ఖాళీ స్ట్రిప్పులు తెచ్చి చూపించాలి, రోజూ వేసుకుంటున్నట్టు అదే రుజువు. స్కీము ఎన్నాళ్లుంటుందో చెప్పలేమని కూడా అన్నారు. ఆ మాట నేను మర్చిపోయాను. ఆయన మర్చిపోలేదు.

మెట్రో ఎక్కి ఢిల్లీ వెళ్లి స్ట్రిప్పులు అప్పగించేది నేనే. ఏడాది తిరిగేసరికి స్కానులో గడ్డ పెరిగింది.

"అంకుల్, గోలీ రోజ్ లేతే హైఁ నా?" అని అడిగారు డాక్టరమ్మ, మాత్ర రోజూ వేసుకుంటున్నారు కదా అని. ఆయన నోరు విప్పేలోపే నేను ఇంతెత్తున లేచాను. రోజూ వేసుకోకపోతే ఆ ఖాళీ స్ట్రిప్పులు ఎక్కడినుంచి వచ్చాయి మేడమ్ అని, నాకొచ్చిన హిందీలో దులిపేశాను. ఆయన చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నారు. మందు పనిచేయడం లేదని రాసి ఆవిడ దాన్ని ఆపేశారు. దాంతో స్కీమూ పోయింది. వేరే మందు ధర ఇంకా ఎక్కువ, దానికి ఏ స్కీమూ లేదు. ఉండేది అద్దింట్లో, అమ్మడానికి మాకేముంది?

ఇంటికొచ్చి ఏడుస్తుంటే, ఆయన బియ్యం డబ్బా వెనకనుంచి పాత కాఫీపొడి సీసా తీసి నా ముందు పెట్టారు. నిండా మాత్రలు.

"ఊరుకోవే, స్టాకుంది. వారానికి రెండు తీసి పక్కన పెట్టాను. స్కీము ఆపేస్తే ఎలాగ మరి?"

ఆయన ముఖంలో ఎంత గర్వమో!

"ఓరి దేవుడా! డాక్టరమ్మ అడిగినప్పుడు నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నారా?"

"నువ్వు మాట్లాడనిస్తే కదా," అన్నారు మెల్లగా.



మర్నాడే వెళ్లి అంతా చెప్పేశాం. డాక్టరమ్మ తల పట్టుకున్నారు. స్కీమువాళ్లకి మళ్లీ ఉత్తరం రాశారు. మాత్రలు దాచినవాళ్లకి ఇవ్వడం రూల్సులో లేదని జవాబొచ్చింది. సీసాలో ఉన్నవి రోజూ వేసుకోండి, తరువాత చూద్దాం అన్నారావిడ.

రోజూ పొద్దున్న నేనే మాత్ర చేతిలో పెట్టి, గుటక పడేదాకా కదిలేదాన్ని కాదు. దగ్గు తగ్గింది. అన్నం సయిస్తోంది. స్కానుకి వెళ్లే రోజుకి సీసాలో ఒక్కటే మిగిలింది.

"ఇది రిజర్వు," అన్నారు నవ్వుతూ.

"నోరు తెరవండి," అన్నాను.

డాక్టరమ్మ పాత స్కానునీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు.

"గడ్డ తగ్గింది. ఈ మందు పనిచేస్తోంది," అన్నారు చివరికి.

స్ట్రిప్పులు చూపించిన అలవాటుకొద్దీ తెచ్చిన ఖాళీ సీసా నా ఒళ్లోనే ఉంది.