కళ్లం మట్టితో చేసిన జిల్లా

మా చిన్నప్పుడు కూడా ఉండేదండీ ఈ బాధ... నలుగురిని ఒక జట్టుగా కట్టి, ఒకే పని అప్పజెప్పి, ఇక మీ తిప్పలు మీరు పడండి అనడం. గ్రూప్ ప్రాజెక్టు అనే పేరు అప్పటికి మా బడి దాకా రాలేదు, అంతే. తిప్పలు మాత్రం ముందే వచ్చేశాయి.

మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. అరవైల చివర, నేను ఐదో తరగతి. ఇనస్పెక్టరుగారు వస్తున్నారని మేష్టారు మా నలుగురికీ జిల్లా పటం అప్పజెప్పారు. కాగితం మీద కాదు... బడి ముందు నేల మీద, మట్టితో. కొండలు ఎత్తుగా, ఏళ్లు పల్లంగా. అప్పటికి విజయనగరం జిల్లా పుట్టలేదు. బొబ్బిలితో సహా మేమంతా శ్రీకాకుళం జిల్లాయే. అంటే మట్టి ఎక్కువ మొయ్యాలన్నమాట.

ఆ నలుగురిలో నేనొకణ్ణి. మునసబుగారబ్బాయి అప్పలనాయుడు ఒకడు. సంగీతం మేష్టారి కూతురు సత్యవతి... పాఠాలన్నీ కంఠతా. నాలుగోవాడు పైడిరాజు. వాడు మాట్లాడటం చాలామంది వినలేదు.

పైడిరాజుని వాళ్ల నాన్న బడి మాన్పించేద్దామని చూస్తున్నాడు. మేష్టారు రెండుసార్లు వాళ్లింటికెళ్లి బతిమాలారు. చివరికి వాళ్ల నాన్న ఒక మాటకి దిగాడు.

"ఆడు బడికొచ్చి ఏటి సేస్తన్నాడో ఓపాలి నా కళ్లతో సూస్తాను బాబూ. పనికొచ్చిందైతే ఉంచుతాను. నేకపోతే నా ఎనకాల పొలానికొస్తాడు."

అందుకే మేష్టారు మమ్మల్ని ముగ్గురినీ పక్కకి పిలిచి, ఇనస్పెక్టరు వచ్చిన రోజు పైడిరాజునే ముందు నిలబెట్టమన్నారు. వాళ్ల నాన్న చూడాలి, చూసి బడిలో ఉంచాలి... అదీ సంగతి.

మొదటి రెండ్రోజులూ మాకు ఆ సంగతే గుర్తు లేదు. సముద్రం తనదని అప్పలనాయుడు పట్టుబట్టాడు. నేనేమో మా ఊరిని శ్రీకాకుళం కంటే పెద్దగా కట్టాను. సత్యవతి అడుగుబద్ద పెట్టి కొలిచి, "ఇది ఊరా, కొండా?" అని అడిగి, చేత్తో చదును చేసేసింది. ఆ రోజంతా నేను ఆమెతో మాట్లాడలేదు. ఆమె గమనించినట్టు లేదు...

మేం ఇలా తగువులాడుకుంటుంటే పైడిరాజు తట్ట నెత్తిన పెట్టుకుని మట్టి మోస్తున్నాడు. వాళ్ల కళ్లంలో మట్టి. పేడతో అలికి అలికి, పశువుల చేత తొక్కించి నూర్చిన నేల కదా... నలిగి పిండిలా ఉంటుంది. అంత మెత్తని మట్టి ఊళ్లో ఇంకెక్కడా దొరకదని ఏరి మరీ తెచ్చాడు.

మూడో రోజు అప్పలనాయుడికి ఎందుకో సిగ్గేసినట్టుంది. రెండో తట్ట తీసుకుని పైడిరాజు వెనకాల నడిచాడు. అక్కణ్ణుంచి పని దారిలో పడింది. సత్యవతి పైడిరాజుకి నాగావళి, వంశధార ఎక్కడ పుట్టి ఎటు పోతాయో చెప్పింది. నేను ఊళ్ల పేర్లు చీటీల మీద రాసి పుల్లలకి గుచ్చాను. పటం బీటలు వారకుండా పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లమన్నారు మేష్టారు. చల్లాం. శ్రద్ధ ఎక్కువై మధ్యాహ్నం కూడా చల్లాం.

ఆరో రోజు పొద్దున వచ్చి చూస్తే... జిల్లా అంతా పచ్చగా మొలిచింది.

కళ్లంలో రాలిపోయిన చోడి గింజలు అవి, అంటే రాగులు. నలుగురం రైతుల ఊరి పిల్లలమే, ఒక్కరికీ తట్టలేదు. పీకుదామంటే పటం పెళ్లలు పెళ్లలుగా లేచొస్తోంది. ఈలోగా ఇనస్పెక్టరుగారు రానే వచ్చారు. గోడ పక్కన పైడిరాజు వాళ్ల నాన్న, తలపాగా తీసి చేత్తో పట్టుకుని.

"సముద్రంలో కూడా పైరు వేశారేమిటయ్యా?" అన్నారు ఇనస్పెక్టరుగారు.

సత్యవతి నోరు తెరవబోయి ఆగింది. అప్పలనాయుడు పైడిరాజుని మెల్లిగా ముందుకి తోశాడు.

"మా కళ్లం మట్టండి. నూర్సినప్పుడు రాలిన సోళ్లు ఉండిపోనాయి. తడిపీసరికి మొలిసినాయి."

మరి కొండల మీద పల్చగా ఉందేమని ఆయన అడిగారు.

"నీరు జారిపోతాది కదండీ. నాగావళి పక్కన తడి నిలుస్తాది, అక్కడ దట్టంగా వచ్చినాది."

ఆయనకి ముచ్చటేసింది. ఏ నేలకి ఏ పంట, ఎన్నాళ్లకి కోత... అడుగుతూనే ఉన్నారు. పైడిరాజు చెబుతూనే ఉన్నాడు. వాడిలో అన్ని మాటలున్నాయని మాకు ఆ రోజే తెలిసింది. ఇనస్పెక్టరుగారు వాడి భుజం తట్టి పక్క తరగతికి వెళ్లారు. ఇంక ఫరవాలేదు, గెలిచేశాం అనుకున్నాం ముగ్గురం.

వాళ్ల నాన్న వచ్చి వాడి తల మీద చెయ్యి వేశాడు. మొహం వెలిగిపోతోంది పాపం...

"ఇంత తెలిసినోడికి ఇంకా బడేటికి బాబూ? రేపట్నుంచి నాతో వస్తాడు."

కోపంగా అనలేదు. గర్వంగా అన్నాడు. అదే చిక్కు. మేష్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

మా జట్టు అంత బాగా పనిచేయడం అదే మొదలు. పైడిరాజు బడికి రావడం అదే ఆఖరు. ఆపైన ఆరో తరగతికి ముగ్గురం చీపురుపల్లి నడిచేవాళ్లం. దారిలో వాడు అరక ఆపి చెయ్యి ఊపేవాడు... తర్వాత్తర్వాత అరక ఆపకుండానే ఊపేవాడు...

ఇప్పటి పిల్లలు ఎవరింట్లో వాళ్లు కూర్చుని, ఫోన్లలోనే జట్టు పని ముగించేస్తున్నారు. మంచిదేలెండి, పేర్లన్నీ చివరిదాకా జట్టులో ఉంటాయి. మీ జట్టులో మధ్యలో ఆగిపోయినవాళ్లు ఉంటే కింద రాయండి... ఊరికే తలుచుకుందాం. నాకైతే ఇన్నేళ్లయినా ఒకటే అనిపిస్తుంది. ఆ రోజు వాళ్ల నాన్న ఆ మాట అన్నప్పుడు మేం ముగ్గురం అక్కడే ఉన్నాం కదా...

ఉండండి, మా ఆవిడ కేకేస్తోంది. "ఏవండీ, ట్యాంకు పొర్లిపోతన్నాది, మోటారు కట్టేయండి" అట. వస్తున్నానంటే వినదు... ఏమంటున్నానూ... మాలో ఒక్కరైనా ఆయన దగ్గరికెళ్లి, వాడు లేకపోతే మాకు జట్టే లేదని చెప్పి ఉంటే...