జ్వోంకో ఆర్పిన దీపం

జ్వోంకో కాలు ఒకచోట నిలవదు. కాలుగాలిన పిల్లి అనే మాట మా ఓపల్ రత్నాల గనుల ఊళ్లో అతణ్ణి చూసే పుట్టిందేమోనని నా అనుమానం. పగలంతా భూమి కింద రాయి తవ్వుతాడు. పొద్దు వాలితే కెమెరా, మూడుకాళ్ల స్టాండు భుజాన వేసుకుని నక్షత్రాల ఫొటోలు తీయడానికి ఎడారిలోకి పోతాడు. కుదురులేని మనిషికి అంత ఓపిక కావలసిన పిచ్చి ఎలా పట్టిందో దేవుడికే తెలియాలి.

అతని భార్య మిల్కా. వాళ్లు మా పక్కిల్లే. అందరి ఇళ్లలాగే వాళ్లదీ కొండలో తొలిచిన ఇల్లు, కిటికీలు లేవు. గుండెజబ్బుతో మంచం పట్టాక ఆమె మెట్లెక్కి బయటికి రాలేకపోయింది. ఆపరేషన్‌కి అడిలైడ్ తీసుకెళ్లే విమానం శుక్రవారం పొద్దున వస్తుంది. ఆలోగా ఆమెకి ఒక్కసారి ఆకాశం చూపించాలని జ్వోంకో తాపత్రయం. ఆమె తిరిగొస్తుందో రాదో తెలియదు. ఆ మాట ఎవరమూ పైకి అనలేదు.

తీసిన ప్రతి ఫొటో పాడయ్యేది. ఊరి బయట అడుగడుగునా నోరు తెరిచిన పాత గోతులు. అక్కడ చీకట్లో మేమెవరమూ నుదుటి దీపం ఆర్పం. మిల్కా తమ్ముడు ఆర్పి నడిచి గోతిలో పడి చనిపోయాడు. ఆ రోజే ఆమె దీపం ఆర్పనని మొగుడి చేత ఒట్టు వేయించుకుంది. ఇతనేమో నక్షత్రాల కోసం కెమెరా కన్ను నిమిషాల తరబడి తెరిచి ఉన్నంతసేపూ దాని ముందే దీపంతో పచార్లు చేస్తాడు. దాంతో ఫొటోలో నక్షత్రాల కింద పచ్చటి గీత ఒకటి మెలికలు తిరుగుతుంది.

"నీ కాళ్లకి మేకులు కొట్టించనా?" అన్నాను.

"కొట్టించు స్టావ్రూలా, సుత్తి నేనే తెస్తా."

"ఓ మూల కూర్చుని చావొచ్చుగా!"

"కూర్చుంటే ఆమె ఆయాసం వినిపిస్తుంది. అంత దూరంలో కూడా."



శుక్రవారం తెల్లారి నేను మిల్కా బట్టలు సర్దుతుంటే ఫొటో పట్టుకుని వచ్చాడు. కళ్లు వాచి ఉన్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఫొటోలో ఆ చివర నుంచి ఈ చివరికి పాలపుంత, కింద తవ్విపోసిన తెల్లమట్టి గుట్టలు. ఎక్కడా మచ్చ లేదు. మిల్కా మురిసిపోయింది. అంతలో ఫొటో అడుగున వేలితో తడిమింది.

"గీత ఏదీ?"

"ఈసారి బాగా కుదిరిందిలే."

"దీపం ఆర్పేశావు."

అతను నేల చూపులు చూశాడు.

"ఆర్పి, నడిచావు కూడా. నువ్వు కూర్చునే రకమా! నాకు తెలీదా?"

"నీ కోసమేగా, మిల్కా..."

"నా కోసం చస్తావా? అక్కడ నా గుండె కోస్తారు. ఎవడున్నాడని తిరిగి రావాలి నేను?"

ఏడుపు ఆపుకోలేక ఆయాసపడుతూనే ఆమె చెత్తబుట్ట వైపు చెయ్యి చూపించింది. గీత పడ్డ పాత ఫొటో ఒకటి, నలిగిపోయింది, తీసిచ్చాను. ఒళ్లో పెట్టుకుని చేత్తో సాపు చేసుకుంది.

"ఇందులో బతికున్నావు. ఇది తీసుకెళ్తా."

మంచి ఫొటో మంచం మీదే వదిలేసింది.