బెత్తం రింగు

నా చిన్నప్పుడు మా పక్కింటి అక్క వాళ్ల వరండాలో, తలుపు పక్కన మేకుకి ఒక బెత్తం రింగు వేలాడుతూ ఉండేది. నా తల, భుజాలు సులువుగా దూరిపోయేంత పెద్దది. దాని అడుగున తోలు సంచీ ఒకటి కట్టి ఉండేది. బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అని పిలిచే రైల్వే కాలనీలో పుట్టినవాళ్లకి అదేమిటో చెప్పక్కర్లేదు. సింగిల్ లైన్ మీద బండి నడిపే డ్రైవర్‌కి స్టేషన్‌లో ఆ రింగు అందిస్తారు. సంచీలో ఇనుప గుండు ఉంటుంది. అది చేతికందితేనే బండి ముందుకు పోవాలి. అక్క వాళ్ల నాన్నగారు స్టేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. పాతబడి పక్కన పడేసిన రింగు ఒకటి జ్ఞాపకంగా ఇంటికి తెచ్చుకున్నారు. సంచీలో గుండు మాత్రం లేదు.

అక్క కాన్వెంటులో చదువుకుంది. సాయంత్రాలు ఆ వరండాలో చాప పరిచి మాకు ఇంగ్లీషు ట్యూషన్ చెప్పేది. ఆరో తరగతికి ఇంగ్లీష్ మీడియం బడిలో చేరాలంటే ముందు ఇంటర్వ్యూ ఉండేది. బల్లకి అవతల పెద్దవాళ్లు కూర్చుని ఏదో అడుగుతారు, మనం ఇంగ్లీషులో జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే తెలుగు బడికి తిరిగి రావాల్సిందే. మా అమ్మకి ఆ బడి మీద ప్రాణం. నేను యూనిఫామ్ వేసుకుని, టై కట్టుకుని గోల్‌బజారు మీదుగా నడిచి వెళ్తున్నట్టు ఆవిడ అప్పటికే ఎన్నోసార్లు చూసేసుకుంది.

ట్యూషన్‌లో ఒకటే కట్టుబాటు. వరండా ఎక్కాక ఇంగ్లీషు తప్ప మరో మాట వినపడకూడదు. తెలుగైనా, బెంగాలీ అయినా, హిందీ అయినా నోరు జారితే రింగు తెచ్చి మెడలో వేసేవారు. ఇంకొకరు నోరు జారితే వాళ్ల మెడలోకి మారేది. చివరికి ఎవరి మెడలో ఉంటే వాళ్లు అలాగే ఇంటికి నడిచిపోవాలి, మర్నాడు తిరిగి తేవాలి. అక్క చెడ్డ మనిషి కాదు. తను చదివినచోట పలక మీద ఏదో రాసి మెడలో కట్టేవారట. తనకి ఇంగ్లీషు అలాగే అబ్బిందని ఆమె నమ్మకం.

మిగతా పిల్లలు గడుసువాళ్లు. రాని మాటకి చేతులు ఊపి సరిపెట్టేసేవారు. నాకు అది చేతకాలేదు. చీమ కుట్టినా నాకు తెలుగులోనే కుట్టేది. అమ్మో అనేదాన్ని, రింగు వచ్చి మెడలో పడేది. ఆ రింగు వేసుకుని వీధిలోంచి ఇంటికి వస్తుంటే, అరుగుల మీద బియ్యం ఏరుకునే ఆడవాళ్లు తలెత్తి చూసేవారు. "ఏటే, నేడు కూడా నీకేనేటి?" అని ఒకామె రోజూ అడిగేది. ఆమె ముద్దుగానే అడిగేదని ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు మాత్రం నా చెవులు కాలిపోయేవి. అందుకని క్వార్టర్ల వెనక, బొగ్గుపొడి పడి ఉండే సందులోంచి రావడం మొదలుపెట్టాను.

కొన్నాళ్లకి ఇంకో ఉపాయం దొరికింది. అసలు నోరే తెరవకపోతే రింగే రాదు కదా. ట్యూషన్‌లో మూగదాన్నయ్యాను. అక్క అడిగితే నేల చూపులు చూసేదాన్ని. కానీ ఆ మూగతనం వరండాతో ఆగలేదు. ఇంట్లో నానమ్మ ఏదైనా అడిగితే, ఏ మాట తప్పో ఏ మాట ఒప్పో తేల్చుకోలేక గుటకలు మింగేదాన్ని. మా అమ్మకి దిగులు పట్టుకుంది. "దీని నోరు పడిపోయినాదేటి? రేపు ఆ పెద్దోళ్ల ముందర కూడా ఇలాగే నిలబడిపోతే ఏటి గతి?" అని నానమ్మతో అంటుంటే విన్నాను. ఇంటర్వ్యూ దగ్గరికొస్తోంది. నా నోరు అంతకంతకూ బిగుసుకుపోతోంది.

ఆ రోజుల్లో ఒక సాయంత్రం, పక్కనున్న పిల్ల గిల్లితే కెవ్వుమని తెలుగులో అరిచాను. రింగు నా మెడలోనే ఉండిపోయింది. వెనక సందులో తల దించుకుని వస్తుంటే ఎదురుగా బూట్ల చప్పుడు వినిపించింది. మా నాన్న. ఆయన గూడ్స్ డ్రైవర్. డ్యూటీ దిగి, ఇనుప పెట్టె ఒక చేత్తో, ఎర్రజెండా పచ్చజెండా చుట్టిన కర్రలు ఇంకో చేత్తో పట్టుకుని అడ్డదారిన ఇంటికి వస్తున్నాడు. ట్యూషన్ పెట్టించింది అమ్మ. నాన్న వారంలో సగం రోజులు ఇంట్లోనే ఉండేవాడు కాదు కాబట్టి ఈ రింగు సంగతి ఆయనకి తెలియదని నా ధైర్యం. ఇప్పుడు ఎదురుపడేసరికి భూమి నిలువునా చీలితే బాగుండుననిపించింది.

నాన్న ఆగాడు. పెట్టె కింద పెట్టాడు. కాసేపు నన్నే చూశాడు. తర్వాత వంగి, ఆ రింగుని నా మెడలోంచి మెల్లిగా తీసి నా ఎడమ భుజానికి తగిలించాడు. తోలు సంచీ వీపు మీదకి వచ్చేలా సర్దాడు. "ఏటమ్మీ, లైను నీకిచ్చినారేటి!" అన్నాడు, ముఖమంతా నవ్వుతో.

నేనేం చెప్పను? తప్పు చేసినందుకు వేశారని చెప్పడానికి నోరు రాలేదు. తలూపాను. అంతే, నాన్న నన్ను ఇంటికి తీసుకుపోలేదు. జెండా కర్రలు చంకన పెట్టుకుని, పెట్టె ఎత్తి, రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుని, సందు దాటించి, ఏ వీధిని తప్పించుకోవాలని నేను దొంగలా తిరుగుతున్నానో సరిగ్గా ఆ వీధిలోంచే నడిపించాడు. కనిపించినవాళ్లందరికీ చెప్పాడు. బియ్యం ఏరుకునే ఆమెకి చెప్పాడు. టీ కొట్టు దగ్గర నిలబెట్టి, కొట్టు నడిపే బెంగాలీ ఆయనతో, "దాదా, సూడు, మా పిల్లకి లైను క్లియరు," అన్నాడు. కొట్టు దాదాకి సంగతంతా తెలుసు, వాళ్ల అబ్బాయి కూడా మా ట్యూషనే. ఆయన "ఖూబ్ భాలో, ఖూబ్ భాలో" అని బెంగాలీలో మెచ్చుకుంటూ నవ్వు దాచుకోవడానికి టీ గిన్నె వైపు తిరిగాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్లు మాత్రం దాచుకోలేదు.

అప్పటిదాకా నేను పడ్డ సిగ్గు ఒక ఎత్తు, ఆ రోజు పడ్డది ఒక ఎత్తు. వాళ్లు నవ్వుతున్నది మా నాన్నని చూసి. అంత పెద్ద మనిషి, అంత పొడుగు బండిని నడిపేవాడు, శిక్షకీ బహుమానానికీ తేడా తెలియని అమాయకుడిలా టీ కొట్టు ముందు నిలబడి మురిసిపోతున్నాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, జాలి వేసింది, ఆయన కూతురినని చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

అంతటితో పోయినా బాగుండేది. మర్నాడు నాన్న జిలేబీ పొట్లం పట్టుకుని నా వెంట ట్యూషన్‌కే వచ్చేశాడు. వరండా మెట్టు కింద చెప్పులు విడిచి, పిల్లలందరి ముందు అక్కకి నమస్కారం పెట్టాడు. పిల్లలు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. నేను చాప అంచుని చూస్తూ కూర్చున్నాను.

"ఆ రింగు మా సేతిలో ఉన్నంతసేపు, తల్లీ, ఆ లైను మీదకి ఇంకో బండి రాదు. మెయిలైనా సరే బయట ఆగి కూకోవాల్సిందే. మమ్మల్ని ఆపీసరు కూడా ఏటీ అనడానికి లేదు," అన్నాడు నాన్న. "నువ్వు మా పిల్లకి లైనిచ్చినావు. సాలా సంతోషం." పొట్లం అక్క చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

అక్క ఆ పొట్లం పక్కన పెట్టింది. ఆమె ముఖం ఎర్రబడడం నేను చూశాను. స్టేషన్‌లో పనిచేసిన మనిషి కూతురు ఆమె. ఎన్ని వందల రింగులు వాళ్ల నాన్న చేతి మీదుగా డ్రైవర్లకి అందాయో ఆమెకి తెలియనిది కాదు. పిల్లల్లో ఎవరో కిసుక్కుమంటే అటు ఒక్క చూపు చూసింది. తర్వాత నన్ను పిలిచి, రింగు తీసి నా భుజానికి తగిలించింది, నాన్న తగిలించినట్టే. ఇకనుంచి రింగు ఎవరి భుజాన ఉంటే మాట వాళ్లది, వాళ్లు దించేదాకా ఎవరూ నవ్వకూడదు, అడ్డు రాకూడదు అంది. ఇంగ్లీషు మాట దొరక్కపోతే తెలుగు మాట పెట్టి దాటిపొమ్మంది. తెలుగులోనే అంది.

నేను తోలు సంచీని వీపు మీదకి సర్దుకున్నాను. అందరూ ఊరుకుని చూస్తున్నారు. చివరికి "మై ఫాదర్ ఈజ్ డ్రైవర్" అన్నాను. ఆ తర్వాత ఇంగ్లీషు కొంత, తెలుగు ఎక్కువ, బెంగాలీ కూడా రెండు ముక్కలు కలిపి మా నాన్న పెట్టెలో ఏముంటాయో చెప్పాను. ఎవరూ నవ్వలేదు. మాట మీద మాట వస్తూనే ఉంది. నాకే ఆశ్చర్యమనిపించింది.

ఇంటర్వ్యూ రోజున బల్లకి అవతల ఉన్నవాళ్లు మా నాన్న ఏం చేస్తారని అడిగారు. నా చెయ్యి దానంతటదే ఎడమ భుజం మీదకి వెళ్లింది. తప్పులతోనే చెప్పాను, కానీ ఆగకుండా చెప్పాను. సీటు వచ్చింది. అమ్మ కోరుకున్న టై కట్టుకుని ఆ బడికి వెళ్లాను.

తర్వాత చాలా ఏళ్లకి, నాన్న రిటైరై ఇంట్లో ఉంటున్న రోజుల్లో, కాఫీ తాగుతూ ఆయన్ని ఆటపట్టించాను. అప్పటికి నేనే పిల్లలకి ఇంగ్లీషు పరీక్షలకి కోచింగ్ ఇస్తున్నాను. ఆ రింగు శిక్ష అని తెలియక ఊరంతా ఎంత గొప్పగా తిప్పావో నాన్నా, అందరూ నిన్ను చూసి నవ్వారు తెలుసా అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ఏ డ్రైవరైనా రింగు మెడలో ఏసుకుంటాడేటే?" అన్నాడు. "నీ మెడలో సూసినప్పుడే తెలిసింది అదేటో. మరి నిన్ను సూసి నవ్వే కంటే నన్ను సూసి నవ్వడం నయం కాదేటి?"

టీ కొట్టు ముందు నిలబడి, నాకు పడాల్సిన నవ్వునంతా ఆయన తెలిసే మీదేసుకున్నాడు. ఆ పక్కనే నిలబడి, ఈయన మా నాన్న కాకపోతే బాగుండునని నేననుకున్నాను. ఆ సిగ్గు ఇప్పటికీ నాతోనే ఉంది. దాన్ని వదిలించుకోవాలని కూడా నాకు లేదు.

మా కోచింగ్ క్లాసులో అప్పుడప్పుడు ఏ పిల్లో ఒక మాట తప్పు పలుకుతుంది. గదంతా గొల్లుమంటుంది. ఆ పిల్ల తల దించేస్తుంది. అప్పుడు నేను బోర్డు దగ్గరికి వెళ్లి, అంతకన్నా పెద్ద తప్పు ఒకటి గట్టిగా పలుకుతాను. నవ్వంతా నా వైపు తిరుగుతుంది. ఆ పిల్ల కూడా తలెత్తి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఈ టీచర్‌కి ఇదీ రాదా అన్నట్టు నవ్వుతుంది. ఆ పిల్లకి నేను నిజం చెప్పను.